తిరస్కారమను తెర

ఏ కార్యాలయమునుండి వచ్చిన జాబునందైనను, ఏ సంఘము వ్రాసిన ప్రత్యుత్తరమునందైనను నేడు తఱచుగా కనవచ్చు వాక్యమొకటి కలదు: “తమ విన్నపము తిరస్కరింపబడినది.” ఈ మూడు మాటలలో విన్నపము కలదు, విన్నవించుకొన్నవాడు కలడు, ఆ విన్నపమునకు పట్టిన గతియు కలదు. లేనివాడొక్కడే, అతడు తిరస్కరించినవాడు. అతడెవడు? ఏల తిరస్కరించెను? ఎవరితో ఆలోచించి తిరస్కరించెను? వాక్యము పలుకదు. ఈ మౌనము వ్యాకరణములోని చిన్న విషయము కాదనియు, మన కాలపు పెద్ద అన్యాయములు పెక్కు దీని నీడలోనే తలదాచుకొనుచున్నవనియు మా వాదము. ఆ మాటయొక్క పుట్టుపూర్వోత్తరములను పరిశీలించినచో ఈ సంగతి తేటపడగలదు.

మేము ఈ విచారమునకు బూదికోటను ఆధారముగా గైకొనుచున్నాము. కోలారు జిల్లా బంగారుపేట తాలూకాలోని ఈ యూరిని హైదరాలీ జన్మస్థానముగా చరిత్ర చదివినవారెల్లరు నెఱుగుదురు. తెలుగు, కన్నడము, తమిళము, ఉర్దూ నిత్యము చెవిసోకు సీమ యిది. ఒక మాటను నాలుగు ప్రక్కలనుండి చూచు నలవాటు ఇచటివారికి చిన్ననాటనే యలవడును. ఊరి పేరునందే అట్టి పాఠమొకటి యున్నది. బూది యనగా బూడిద. సంస్కృతమున ఈ యూరు విభూతిపురము. విభూతి యన్న మాటకు ఐశ్వర్యమనియు అర్థము కలదు, భస్మమనియు అర్థము కలదు. అగ్ని కాదని విడిచినదానిని మనము నొసట ధరించుచున్నాము. కాదని విడిచినదెల్ల వ్యర్థము కాదని చెప్పుటకు ఈ పేరొక్కటి చాలును.

ఇక తిరస్కారమను శబ్దమును చూతము. ‘తిరస్’ అనగా అడ్డముగా, కంటికి మఱుగుగా అని యర్థము. దానికి ‘కృ’ ధాతువు చేరగా మఱుగుపఱచుట, ప్రక్కకు పెట్టుట అను నర్థము లేర్పడి, వానినుండి అవమానించుట, త్రోసిపుచ్చుట అను నర్థములు పుట్టినవి. ఈ కుటుంబములోనిదే ‘తిరస్కరిణి’ యను మాట. తిరస్కరిణి యనగా తెర. అమరకోశము యవనికతోపాటు దీనిని పర్యాయముగా చెప్పినది. కాళిదాసుని నాటకములలో అప్సరసలు తిరస్కరిణీ విద్యచేత తాము ఒరులకు కనబడక, ఒరులను తాము చూచుచుందురు. మన తెలుగు ‘తెర’కును ఈ ‘తిరస్సు’నకును చుట్టఱికము కలదని శబ్దసామ్యమునుబట్టి కొందఱు తలపవచ్చును. అది సరికాదు. తెర దేశ్యము, తమిళమందలి ‘తిరై’ దాని సోదరి. వంశములు వేఱైనను భావమునందు ఆ రెండును ఒకచోటనే కలిసికొన్నవి. కావున తిరస్కారమను మాట మూలార్థము ‘వలదనుట’ కాదు, ‘తెర వేయుట’. ఎదుటివానిని కంటికి మఱుగు చేయుటతో అది మొదలయ్యెను. నేడు ఎదుటివాడు మాత్రమే కాదు, తెర వేసినవాడును మఱుగైనాడు. అప్సరసల విద్య ఇప్పుడు గుమాస్తాల బల్లలకు దిగివచ్చినది.

తక్కిన మాటలను గూడ ఒకమాఱు పరికింతము. నిరాకరణమను శబ్దమునందు ‘నిర్’, ‘ఆ’ అను ఉపసర్గలు ‘కృ’ ధాతువునకు ముందు నిలిచి, పాఱద్రోలుట యను నర్థమునిచ్చుచున్నవి. దీనిని ఆకారము లేదను నర్థముగల నిరాకారముతో కలిపి చూడరాదు. బహిష్కారము స్పష్టమే: బయట పెట్టుట. దానికి సరియైన తెలుగు ‘వెలి’. వెలుపల, వెలివాడ, వెలివేయుట అన్నియు ఆ మూలమునుండి వచ్చినవే. ఆంగ్లేయుల ‘రిజెక్షను’ లాటినునుండి దిగినది. వెనుకకు విసరుట దాని యర్థము. విసరుటను చెప్పు ఆ ధాతువే మనమెఱిగిన వేఱు మాటలందును కలదు. ముందునకు విసరినది ప్రాజెక్టు. లోనికి విసరినది ఇంజెక్షను. వెనుకకు విసరినది రిజెక్షను. ఈ మాటలన్నిటికి ఒక సామాన్యలక్షణమున్నది. ప్రతిదానియందును ఒక చేయి కలదు: తెర లాగిన చేయి, పాఱద్రోలిన చేయి, బయట పెట్టిన చేయి, విసరిన చేయి. చేయి లేని తిరస్కారము ఏ భాషయందును పుట్టలేదు. ఆ చేతిని దాచుట మాత్రము తరువాతివారు నేర్చిన నేర్పు.

తెలుగునకు తన సొంతమాట లేకపోలేదు. అది ‘ఒల్లను’. దీని సొగసు చూడుడు. ‘ఒల్లు’ అనగా ఇష్టపడుట, సమ్మతించుట. కన్నడమునందలి ‘ఒల్లె’ యు దీనికి తోబుట్టువే. ఈ క్రియ వ్యతిరేకరూపమునందే యెక్కువగా వినవచ్చుట వింత. ఒల్లనన్నవాడు ఎదుటివాని యోగ్యతనుగుఱించి తీర్పు చెప్పుటలేదు. తన మనస్సునుగుఱించి చెప్పుచున్నాడు. నీవు తగవని యనుట వేఱు, నాకు సమ్మతము లేదనుట వేఱు. మఱియు ఈ క్రియకు తుదను కర్త తప్పక నిలిచియుండును. ఒల్లను అన్నచో నేను. ఒల్లము అన్నచో మేము. ఒల్లడు అన్నచో అతడు. ఒల్లరు అన్నచో వారు. రాను, ఈయను, చేయము అను తెలుగు వ్యతిరేకక్రియలన్నిటికి ఇదే రీతి. తెలుగువాడు తన సహజమైన పలుకుబడిలో కాదన్నప్పుడు ఎవరు కాదన్నారో దాచుట కష్టము. దాచవలెనన్న కోరిక పుట్టినప్పుడే ‘బడు’ ధాతువు సాయమునకు వచ్చినది. కర్మణిప్రయోగము తెలుగు నుడికారమునకు పొసగదని వ్యాకరణవేత్తలు చెప్పుచునే యున్నారు. కార్యాలయములు వినుట లేదు. వినకపోవుట అజ్ఞానమువలన కాదు, దానివలన లాభము కలదు గనుక.

ఈ విద్యయందు ప్రభుత్వమొక్కటే ఆరితేరినదని పాఠకమహాశయులు తలపరాదు. మన యింటి పెండ్లిచూపుల సంగతి చూతము. పిల్లను చూచి, ఫలాహారములారగించి, “ఇంటికి వెళ్ళి జాబు వ్రాసెదము” అని లేచినవారు ఒల్లమని వ్రాయుదురా? “జాతకములు కుదరలేదు” అని వ్రాయుదురు. కట్నము చాలకపోయినను జాతకమే. పిల్ల చామనచాయయైనను జాతకమే. కుజుడును శనియు ఎన్ని ఇండ్ల నిందలను మోయుచున్నారో లెక్కలేదు! ఆ పిల్ల తనలో లోపమేమో యెఱుగక ఏండ్లతరబడి తన్ను తానే నిందించుకొనును. మన సంఘములును తక్కువ తినలేదు. సంచికకు వచ్చిన వ్యాసమును చదువకయే “స్థలాభావముచే ప్రకటింపజాలకున్నాము” అని వ్రాయుట పరిపాటియైనది. సరిహద్దుసీమ తెలుగులో వ్రాసినవాని రచన వచ్చినపుడు ఈ స్థలాభావము మఱింత పెరుగును. ఆ భాష మాకు రుచింపలేదని చెప్పు ధైర్యమున్నచో, రుచి యెవరిదన్న చర్చయైనను జరుగును. స్థలాభావముతో చర్చించువాడెవడు?

ఎదుట నిలిచి కాదనుటకును తెర చాటున కాదనుటకును గల భేదమును మన ఆదికవియే చూపినాడు. నన్నయగారి ఆదిపర్వమున శకుంతల కుమారునితో దుష్యంతుని సభకు వచ్చును. రాజు ఎఱిగియు ఎఱుగనని యనును. అది అన్యాయము. అయినను ఆ యన్యాయము నిండుసభలో, రాజు నోటినుండి, ఆమె ముఖము నెదుట జరిగినది. కావుననే శకుంతల బదులాడగలిగినది. సత్యముయొక్క గొప్పతనమును సభకు వినిపింపగలిగినది. తుదకు ఆకాశవాణి పలుకగా రాజు ఆమెను స్వీకరించెను. కాళిదాసు ఈ కథనే నాటకముగా రచించునపుడు దుర్వాసుని శాపమును నడుమకు తెచ్చెను. నాటకమునకు అది రమ్యమే. కాని రాజునకు ఎంత చక్కని తెర లభించెను! తప్పు రాజుది కాదు, శాపముది. భారతమందలి దుష్యంతుడు ‘ఎఱుగను’ అని తానే యనెను. నాటకమందలి దుష్యంతునకు జ్ఞాపకము శాపముచే మఱుగయ్యెను. మన కార్యాలయములకు భారతము నచ్చలేదు, నాటకము నచ్చినది.

ఆకాశవాణి మాట వచ్చినది గనుక బూదికోటకు వత్తము. 1935లో మైసూరు నగరమున ఆచార్య గోపాలస్వామిగారు తమ గృహమునుండియే ఒక రేడియో కేంద్రమును నడపిరి; దానికి ‘ఆకాశవాణి’ యని పేరు కలిగెను. అఖిలభారత రేడియో పిదప ఆ పేరునే స్వీకరించినది. ఆ మైసూరు రాజ్యములోనిదే యైన బూదికోటలో, అఱువదియెనిమిది వత్సరముల పిమ్మట, 2003లో ‘నమ్మ ధ్వని’ యను పేరుతో గ్రామస్థులయు, స్త్రీల సంఘములయు శ్రవ్యకేంద్రమొకటి పని మొదలిడెను. మైరాడ, వాయిసెస్ అను సంస్థలును యునెస్కోయు దానికి తోడ్పడినవి. ఊరిమాటలు ఊరివారే పలికి, ఊరికే వినిపించుట దాని యాశయము. ఒక ప్రొఫెసరు తన యింటినుండి 1935లో చేయగలిగినపని ఈ యూరి స్త్రీలు 2003లో చేయలేకపోయిరి. ఆకాశముపై వారికి హక్కు లేదు. అలలపై సర్వాధికారము కేంద్రప్రభుత్వముదని 1885 నాటి టెలిగ్రాఫు చట్టము పలుకుచుండెను. వాయుతరంగములు ప్రజల యాస్తియని సర్వోన్నత న్యాయస్థానము 1995 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పినను, అప్పటి విధానమునుబట్టి అట్టి కేంద్రములకు అనుమతి పేరుగాంచిన విద్యాసంస్థలకు మాత్రమే దొరకెడిది. కావున బూదికోటవారు ఆకాశమును విడిచి తీగను పట్టుకొనిరి. టెలివిజను కేబులు తీగవెంట తమ మాటను ఇండ్లలోనికి పంపిరి.

ఇచట మేమడుగు ప్రశ్న యిది. బూదికోటను కాదన్నదెవరు? ఏ మంత్రియు ఆ స్త్రీల ముఖము చూచి ‘ఒల్లను’ అనలేదు. ఏ అధికారియు “మీరు మాట్లాడిన దేశమునకు ఈ హాని కలుగును” అని కారణము చెప్పలేదు. ఒక చట్టము, ఒక విధానము, ఒక వర్గీకరణము. అన్నియు తెరలే, వెనుక మనిషి లేడు. శకుంతలకు బదులాడుటకు రాజైన నెదుటనుండెను. వీరికి ఎదుట నున్నది తీగ మాత్రమే.

తెలంగాణమందలి పస్తాపురము కథయు ఇట్టిదే. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారి ఆశ్రయమున దళితస్త్రీల సంఘములు 1998 నాటికే శ్రవ్యకేంద్రమును సిద్ధపఱచుకొన్నవి. అనుమతి లేదు. పదేండ్లు వారు తమ మాటలను టేపులలో నింపి, సంఘముల కూడికలలో వినిపించుకొనిరి. సముదాయసంస్థలకు అనుమతినిచ్చుటకు కేంద్రప్రభుత్వము 2006 నవంబరులో అంగీకరించెను. 2008 అక్టోబరు 15న వారి ‘సంఘం రేడియో’ ఆకాశమున పలికినది. ‘వెలి’ యను మాట ఏ వాడలకు తగిలించితిమో ఆ వాడల స్త్రీలు వీరు. తమిళమున ‘వెళి’ యనగా బయలు, ఆకాశము అని గూడ అర్థము. మనము వెలివేసినవారు ఆ వెలినే తమ వాణికి నెలవుగా చేసికొనిరి. వారి తెలుగు గ్రంథములలోని తెలుగు కాదు. ఆ పొలముల తెలుగు, ఆ గింజల తెలుగు. పదేండ్లు ఆ తెలుగు మన చెవిని సోకకుండ అడ్డుపడినదెవరో నేటికిని ఒక పేరు చెప్పుటకు వీలులేదు. కర్మణిప్రయోగముయొక్క ఫలమిది.

దీనికి కొందఱు పెద్దలు చెప్పు సమాధానము మేమెఱుగుదుము. అధికారి వ్యక్తి కాడు, పదవి. అతడు ‘నేను ఒల్లను’ అన్నచో స్వేచ్ఛాచారమగును. కర్మణిప్రయోగము నిష్పక్షపాతమునకు గుఱుతు అని వారందురు. ఈ వాదములో కొంత నిజమున్నది. అధికారి తన యిష్టానిష్టములనుబట్టి తీర్పు చెప్పరాదు. కాని ఇష్టమును తొలగించుట వేఱు, బాధ్యతను తొలగించుట వేఱు. న్యాయమూర్తికంటె నిష్పక్షపాతి యెవడు? అతడు తీర్పుక్రింద సంతకము చేయుచున్నాడు, కారణములు వ్రాయుచున్నాడు, పై న్యాయస్థానమునకు త్రోవ విడుచుచున్నాడు. కారణములు చెప్పు ఉత్తర్వును న్యాయవాదులు ‘మాటలాడు ఉత్తర్వు’ అందురు. ఎంత చక్కని మాట! కారణము చెప్పని ఉత్తర్వు మూగదన్నమాట. 2005 నాటి సమాచారహక్కు చట్టము ఏడవ సెక్షను ఎనిమిదవ ఉపసెక్షనునందు, కోరిన సమాచారమును ఈయమన్న అధికారి మూడు సంగతులు తప్పక తెలుపవలెనని విధించినది: కాదన్న కారణము, అప్పీలు చేసికొనుటకు గడువు, ఆ అప్పీలును వినువారి వివరము. ఒక చట్టము ఈ పనిని చేయగలిగినపుడు తక్కిన కార్యాలయములు చేయజాలమనుట సోమరితనమునకు మాఱుపేరు.

కారణము చెప్పుటవలన తిరస్కారమునకు పునర్విచారము సాధ్యమగును. దీనికి దృష్టాంతము మా జిల్లాలోనే కొండలవలె నిలిచియున్నది. కోలారు బంగారుగనులలో నూఱేండ్లకు మించి రాతిని నలుగగొట్టి, సైనైడుతో బంగారమును తీసికొని, మిగిలిన పిండిమన్నును దిబ్బలుగా పోసినారు. అది గని కాదన్న మన్ను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడి వేలాది కుటుంబములు వీధిన పడినవి; దిబ్బలు మాత్రము కదలలేదు. 2024 జూనులో కర్ణాటక ప్రభుత్వము పదుమూడు దిబ్బలలోని ఆ మన్నును మఱల వెలికితీయుటకు కేంద్రము చేసిన ప్రతిపాదనకు సమ్మతించినది. ఆ మన్ను ఇంచుమించు 3 కోట్ల 30 లక్షల టన్నులని అంచనా. ఒకనాడు కాదన్నదానిని నేడు ఔననుటకు వీలేల కలిగినది? మన్నును పరీక్షించువాడు ఇందులో ఇంత లోహము మిగిలినదని లెక్క చెప్పగలడు గనుక. లెక్క యున్నచోట తీర్పును తిరిగి తూచవచ్చును. మంటికి దక్కిన ఈ మర్యాద మనుష్యుని విన్నపమునకు దక్కవలదా? ఆ గనులలో జీవితములు గడపినవారి విన్నపములపైనను కారణములు అంత స్పష్టముగా వ్రాసియుండవలదా?

ఇక మన వైపు తప్పొకటి చెప్పక ఈ వాదము పూర్తికాదు. ఈ సీమ తెలుగువారిలో “మేము తిరస్కృతులము” అని నిట్టూర్చు నలవాటు కలదు. 1956లో భాషననుసరించి రాష్ట్రముల నేర్పఱచినపుడు, తెలుగు మాతృభాషగా గలవారు మిక్కిలిగా నున్నను కోలారు జిల్లా మైసూరునందే నిలిచినది. నాటినుండి కొందఱు దానిని తలచి తలచి వగచుచున్నారు. ఈ వగపును మేమంగీకరింపము. జిల్లా ఏ రాష్ట్రమున నున్నదన్నది ఒక తీర్పు. ఆ తీర్పునకు కారణములు కలవు, వానిని చదువవచ్చును, విమర్శింపవచ్చును. అది తిరస్కారము కాదు. కాని మన పిల్లలకు ఇంట తెలుగు నేర్పనిది ఎవరు? కన్నడము చదువుకొన్న మన బాలుడు తెలుగు అక్షరములు దిద్దుటకు ఇంటిలో అరగంట చోటు చూపనిది ఎవరు? “తెలుగు మఱుగున పడినది” అందుము. పడుటకు అది గోడమీది పటము కాదు. ‘మేము నేర్పలేదు’ అను వాక్యమునందు కర్త కలడు. ఆ కర్తను చూచుటకు జంకి మనమును ‘పడినది’ అను తెర చాటున దాగుచున్నాము. తిరస్కరించినవాడు తన పేరు దాచుట యెంత తప్పో, తిరస్కృతుడనని చెప్పుకొనువాడు ఎవరు, ఎపుడు, ఏల యని విచారింపకుండుట అంత తప్పు. రెండును ఒకే తెరకు రెండు కొసలు.

కావున మేము కోరునది మితము. సంస్కృతశబ్దముపై మాకు ద్వేషము లేదు. తిరస్కారమను మాట యుండవచ్చును. దాని చేయి మాత్రము కనబడవలెను. ఎవ్వరు ఎవ్వరిని కాదన్నను మూడు సంగతులు చెప్పవలెను: కాదన్నది ఎవరు, ఏల, దీనిపై మాటలాడవలెనన్న ఎచటికి పోవలెను. ఈ నియమము ప్రభుత్వమునకంటె ముందు మన సంఘములకు, సంచికలకు, మన పెండ్లి పెద్దలకు వర్తింపవలెను. ఈ సంవత్సరమునుండి మన సంఘము వ్రాయు ప్రతి ప్రత్యుత్తరమునందును ‘తిరస్కరింపబడినది’ అను మాటను విడిచి, ‘ఈ కారణమున మేము ఒల్లము’ అని వ్రాసి, క్రింద సంతకము చేయుదురుగాక. అట్లు వ్రాసినపుడు కొందఱికి కోపము వచ్చును. రానిండు. కోపము వచ్చినవాడు మన గుమ్మమునకు వచ్చి వాదించును. వాదించినచో ఒకప్పుడు అతడే గెలుచును. ఆ యవకాశము ఈయని తిరస్కారమును మేము ఒల్లము.